తిన్నది ఒంటికి పట్టడం అంటే ఏమిటి?

“బాగానే తింటుంది డాక్టర్ గారూ, ఒంటికే పట్టడం లేదు.”

తిరుపతిలోనో చిత్తూరులోనో ఏదైనా క్లినిక్ ముందు బెంచీ మీద ఓ గంట కూర్చుంటే ఈ మాట తప్పకుండా చెవిన పడుతుంది. పదో తరగతి చదివే కూతురిని తీసుకొచ్చిన అమ్మీ అంటుంది. నెలలు నిండుతున్న కోడలి గురించి అత్త అంటుంది. పిల్ల ముఖం పాలిపోయి ఉంటుంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడు చూసినా నీరసం. ఇంట్లో చూస్తే తిండికి లోటు లేదు. మూడు పూటలా అన్నం, జుమ్మా రోజు చికెన్, ఎవరైనా వస్తే బిర్యానీ. మరి తిన్నదంతా ఎటు పోతున్నట్టు?

ఒంటికి పట్టడం అని మనవాళ్లు అనేదాన్నే సైన్సు పుస్తకంలో పోషణ అంటారు. పోషణ అంటే తినడం కాదు, తినడం అందులో మొదటి మెట్టు మాత్రమే. నోట్లోకి వెళ్లిన తిండి చిన్న చిన్న ముక్కలుగా విడిపోవాలి. ఆ ముక్కలు పేగు గోడ దాటి రక్తంలోకి రావాలి. రక్తం వాటిని ఒంట్లోని కణాల దాకా మోయాలి. అక్కడ అవి శక్తిగానో, కండగానో, ఎముకగానో, మళ్లీ రక్తంగానో మారాలి. పనికిరానిది బయటికి పోవాలి. ఈ దారిలో ఎక్కడ అడ్డు పడినా కడుపు నిండినట్టే ఉంటుంది, మనిషి మాత్రం లోపల్లోపల ఎండిపోతుంటాడు.

ఇది ఏదో ఒకరిద్దరి సంగతి కాదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో జరిగింది. ఆ లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 63.2 శాతం. అంటే ఐదుగురిలో దాదాపు ముగ్గురు. వీళ్లంతా పస్తులుంటున్నవాళ్లు కాదు. రోజూ అన్నం తింటున్నవాళ్లే.

చెట్టు వంట వేరు, మేక వంట వేరు

పోషణ మనుషులకే పరిమితమైన వ్యవహారం కాదు. ప్రాణం ఉన్న ప్రతిదానికీ అది కావాలి. అయితే ఎవరి పద్ధతి వాళ్లది.

చిత్తూరు వైపు మెట్ట పొలాల్లో వాన మీద పండే చెనక్కాయ చెట్టును చూడండి. దానికి నోరు లేదు, కడుపు లేదు. ఆకుల్లోని పచ్చదనంతో ఎండను పట్టుకుంటుంది. గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్, వేళ్ల నుంచి నీళ్లు తీసుకుని చక్కెర తయారు చేసుకుంటుంది. దాని అన్నం అదే వండుకుంటుంది. మనం తినేదంతా చివరికి ఆ వంట నుంచి వచ్చిందే. మాంసం కూడా అంతే, మేక తిన్న ఆకే అది.

చక్కెర ఒక్కటే ఉంటే చెట్టు పెరగదు. ప్రొటీన్ తయారు కావాలంటే నైట్రోజన్ కావాలి. గాలిలో 78 శాతం నైట్రోజనే, కానీ చెట్టు దాన్ని నేరుగా తీసుకోలేదు. చెనక్కాయ చెట్టు పీకినప్పుడు వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. కొత్తవాళ్లు చూస్తే పురుగు పట్టిందేమో అనుకుంటారు. ఆ బుడిపెల్లో రైజోబియం అనే బ్యాక్టీరియా కాపురం ఉంటుంది. అది గాలిలోని నైట్రోజన్‌ను పట్టి చెట్టుకు ఇస్తుంది, చెట్టు దానికి చక్కెర ఇస్తుంది. ఇద్దరికీ లాభం ఉన్న పార్ట్‌నర్‌షిప్ ఇది. ఎరువు పెద్దగా వేయకపోయినా చెనగ్గింజల్లో నూటికి 23 నుంచి 25 పాళ్ల ప్రొటీన్ ఉండటం వెనక రహస్యం ఇదే. మన ఊరుబిండి బలమంతా ఆ బుడిపెల దగ్గర మొదలవుతుంది.

అదే చెనక్కాయల బస్తా తడిసి మూలన పడి ఉంటే దాని మీద పచ్చటి బూజు వస్తుంది. బూజుకు ఆకుల్లేవు, నోరూ లేదు. అది తన అరుగుదల రసాలను బయటికే వదిలి, గింజను బయటే అరిగించి, కరిగినదాన్ని పీల్చుకుంటుంది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే ఈ రకం బూజు తింటూ తింటూ అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని గింజలో వదులుతుంది. అది కాలేయాన్ని దెబ్బ తీస్తుంది. వేయించినా పూర్తిగా పోదు. ముడుచుకుపోయిన, బూజు పట్టిన, చేదుగా ఉన్న గింజను ఏరి పారేయాల్సిందే. పైసలు పెట్టి కొన్నాం కదా అని చట్నీలో కలిపేయకూడదు.

ఇక మేక. బక్రీద్ నాడు బోటీ కడిగినవాళ్లకు దీని గురించి పుస్తకం అక్కర్లేదు. మేక కడుపులో నాలుగు గదులుంటాయి. మొదటి పెద్ద సంచి లోపల తువ్వాలు లాంటి నూగు ఉంటుంది. రెండో దాంట్లో తేనెపట్టు లాంటి గడులు. మూడోది పుస్తకంలో కాగితాల్లా మడతలు మడతలుగా ఉంటుంది. నాలుగోదే మన కడుపు లాంటి అసలు కడుపు. కడిగేటప్పుడు విసుక్కుంటాం గానీ ఆ నూగులోనే అసలు పనితనం ఉంది.

ఆకులో, గడ్డిలో ఉండే సెల్యులోజ్‌ను విడగొట్టే రసం మన ఒంట్లో లేదు. నిజానికి మేక ఒంట్లో కూడా లేదు. మేక మొదటి సంచిలో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు ఉంటాయి, గడ్డిని పులియబెట్టేది అవే. మేక ఆకులు గబగబా మింగి, తర్వాత నీడన పడుకుని నెమరేస్తూ వాటికి పని అందిస్తుంది. పులిసినప్పుడు వచ్చే ఆమ్లాలను ఆ తువ్వాలు నూగే పీల్చుకుని రక్తంలోకి పంపుతుంది. ఆ సూక్ష్మజీవులు కిందికి జారి నాలుగో గదికి చేరితే మేక వాటినీ అరిగించుకుంటుంది, ప్రొటీన్ కింద. కూలీలను పెట్టి పని చేయించుకుని చివరికి కూలీలనే తినేసే షావుకారు లాంటిది మేక!

మనిషికి ఈ ఏర్పాటు లేదు. మనకు ఒకటే కడుపు. నోట్లో లాలాజలం పిండిపదార్థాన్ని విడగొట్టడం మొదలుపెడుతుంది. రాయలసీమలో సంగటిని నమలకుండా ముద్దలు ముద్దలుగా మింగే అలవాటు ఉంది కాబట్టి ఆ పని అంతా చిన్నపేగు మీద పడుతుంది. అయినా క్లోమగ్రంథి రసం దాన్ని చక్కగానే అరిగిస్తుంది. మాంసం, పప్పు సంగతి కడుపులోని ఆమ్లం మొదలుపెడితే చిన్నపేగు పూర్తి చేస్తుంది. కొవ్వుకు కాలేయం నుంచి వచ్చే పిత్తరసం తోడవుతుంది. చిన్నపేగు సుమారు ఆరు మీటర్ల పొడవు. దాని లోపలి గోడ మీద కూడా సన్నటి నూగు ఉంటుంది, కంటికి ఆననంత సన్నగా. ఒంటికి పట్టడం అనే పని జరిగేది అక్కడే. విరేచనాలు పట్టుకున్న పిల్లల్లో, కడుపులో పురుగులున్నవాళ్లలో ఆ చోటు దెబ్బ తింటుంది. అప్పుడు ప్లేటులో ఎంత పెట్టినా సగం లెక్కకు రాదు.

గల్లాపెట్టె, డిపాజిట్, దుకాణం దూలాలు

రక్తంలోకి వచ్చిన తిండిని శరీరం ఎలా ఖర్చు పెడుతుందో తెలుసుకోవాలంటే రోజా ఉన్న ఒక రోజు చాలు.

సహరీలో తిన్న అన్నం, రొట్టె గ్లూకోజ్‌గా మారి కొన్ని గంటలపాటు పని నడిపిస్తాయి. అప్పటి అవసరానికి పోగా మిగిలినదాన్ని కాలేయం గ్లైకోజన్ అనే రూపంలో దాస్తుంది. అది గల్లాపెట్టెలో డబ్బు లాంటిది. చెయ్యి పెడితే వెంటనే దొరుకుతుంది, కానీ ఎక్కువ ఉండదు, కాలేయంలో ఉండేది సుమారు 100 గ్రాములే. కండరాల్లో 400 గ్రాముల దాకా ఉన్నా కండరాలు దాన్ని తమకే వాడుకుంటాయి, పక్కవాళ్లకు అప్పివ్వవు. జొహర్ నమాజు దాటేసరికి శరీరం ఈ గల్లాపెట్టె మీదే నడుస్తుంటుంది. సాయంత్రానికి అదీ తగ్గుతుంటే కొవ్వు కరగడం పెరుగుతుంది. కొవ్వు ఫిక్సెడ్ డిపాజిట్ లాంటిది. పిండిపదార్థం, ప్రొటీన్ గ్రాముకు 4 కేలరీలు ఇస్తే కొవ్వు గ్రాముకు 9 ఇస్తుంది. తక్కువ చోట్లో ఎక్కువ దాచుకోవడానికి అల్లాహ్ ఇచ్చిన లాకర్ అనుకోవచ్చు.

మెదడు బరువు ఒంటి బరువులో రెండు శాతమే ఉంటుంది గానీ శక్తిలో ఐదో వంతు దానికే పోతుంది. దానికి ముఖ్యంగా గ్లూకోజే కావాలి. అసర్ తర్వాత తల పట్టేయడానికి ఒంట్లో నీళ్లు తగ్గడం, చాయ్ అలవాటు కూడా కారణాలే అనుకోండి.

మూడో ఖాతా ప్రొటీన్. కండలు, గుండె, ఎంజైములు అన్నీ దాంతోనే కట్టి ఉంటాయి. డబ్బులు అయిపోయాయని దుకాణం దూలాలు పీకి అమ్ముకుంటే ఎలా ఉంటుందో, తిండి చాలక కండ కరగడం అలాంటిది. మన దగ్గర పదమూడు పద్నాలుగు గంటల రోజా ఆరోగ్యంగా ఉన్న మనిషిని అంత దూరం తీసుకెళ్లదు. నెలల తరబడి సగం కడుపుతో, పప్పు, గుడ్డు లేకుండా బతికేవాళ్ల విషయం వేరు. పిల్లల్లో అది ఎత్తు మీద కనిపిస్తుంది.

షుగర్ ఉన్నవాళ్లకు ఈ గల్లాపెట్టె లెక్క తప్పుతుంది. ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్లకు రోజా మధ్యలో గ్లూకోజ్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. రంజాన్‌కు నెల ముందే డాక్టరును కలిసి మోతాదు మార్చుకోవాలి. జబ్బుతో ఉన్నవాళ్లకు ఖురాన్‌లోనే (2:185) వెసులుబాటు ఉంది. ఆ వెసులుబాటు వాడుకోవడం నామోషీ అనుకుని చెమటలు పట్టి పడిపోయేవాళ్లను ప్రతి ఏడాదీ చూస్తూనే ఉన్నాం.

ఇఫ్తార్‌కు బియ్యం, పప్పు, అల్లం, తెల్లగడ్డ, పుదీనా, కొద్దిగా ఖీమా వేసి కాచే గంజి మాత్రం పెద్దలు ఆలోచించి పెట్టిన పదార్థం. ఎండిన ఒంటికి నీళ్లు, ఉప్పు, త్వరగా అందే పిండిపదార్థం, కాస్త ప్రొటీన్, అన్నీ ఒక గిన్నెలో వచ్చేస్తాయి. పక్కన పెట్టిన సమోసాలకు ఇంత మంచి పేరు ఇవ్వలేం.

భీమవరం బిడ్డ, బొంబాయి ముస్లిం ఆడవాళ్లు

ఒంటికి పట్టకపోవడం ఎంత పెద్ద జబ్బో ఒక తెలుగువాడు తన ఇంట్లోనే చూశాడు. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన అన్నను బలి తీసుకున్న జబ్బు స్ప్రూ. ఆ జబ్బులో పేగు నూగు అరిగిపోతుంది, తిన్నది తిన్నట్టే విరేచనాల్లో పోతుంది, మనిషి రక్తం లేక చిక్కిపోతాడు. సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి 1923లో అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేస్తూ 1929లో కండరాల్లో ఏటీపీ అనే పదార్థం ఉందని వెల్లడించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నాడు. తిన్న అన్నం, కాలిన కొవ్వు అన్నీ చివరికి ఏటీపీగా మారితేనే కణం వాడుకోగలదు. చెయ్యి ఎత్తడం, కన్ను ఆర్పడం, సజ్దా నుంచి లేవడం, దేనికైనా కణం చెల్లించే నాణెం అదే.

ఆయన చేసిన రెండో పని మన ఇళ్లకు ఇంకా దగ్గరగా ఉంది. దానికి ముందు బొంబాయి వెళ్లాలి. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ డాక్టరమ్మ అక్కడికి వచ్చారు. గర్భిణుల్లో ప్రాణం మీదికి తెచ్చే ఒక రకం రక్తహీనత ఎందుకొస్తుందో తెలుసుకోవడం ఆమె పని. బట్టల మిల్లుల్లో పనిచేసే కుటుంబాలను చూశారు, ఎవరేం తింటున్నారో రాసుకున్నారు. అందరికంటే ఎక్కువగా ఆ జబ్బు బారిన పడుతున్నవాళ్లు పేద ముస్లిం ఆడవాళ్లని తేలింది. వాళ్ల తిండే అందరికంటే నాసిగా ఉంది. ఈస్ట్ నుంచి తీసే మార్మైట్ అనే చవక పదార్థం తినిపిస్తే వాళ్లు కోలుకున్నారు. 1931లో ఆమె ఈ సంగతి ప్రచురించారు. ఈస్ట్‌లో ఉన్న ఆ మందు ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు, విల్స్ ఫ్యాక్టర్ అని పిలిచారు. అదే ఫోలిక్ యాసిడ్. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకుడు సుబ్బారావు. స్ప్రూకు కూడా అదే మందుగా పనికొచ్చింది. మూడేళ్లకే, 1948లో ఆయన చనిపోయారు.

ఈ రోజు ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భిణికి ఇచ్చే ఎర్ర మాత్రలో ఇనుముతో పాటు ఉండేది ఆ ఫోలిక్ యాసిడే. బొంబాయిలో ఆ పేరులేని ఆడవాళ్ల రక్తం చూసి మొదలైన దారి అది. వందేళ్లు కావస్తున్నా అలాంటి ఇళ్లలో అలాంటి ఆడవాళ్లు ఇంకా పాలిపోయి కనిపించడమే బాధ.

దస్తర్‌ఖాన్ దగ్గర ఎవరికి ఏం మిగులుతోంది?

రక్తహీనతకూ నీరసానికీ సంబంధం ఏమిటో ఇప్పుడు తేలిగ్గా చెప్పొచ్చు. కణంలో తిండి కాలి ఏటీపీగా మారాలంటే ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్‌ను మోసేది ఎర్ర రక్తకణంలోని హిమోగ్లోబిన్. హిమోగ్లోబిన్ తయారీకి ఇనుము కావాలి. ఇనుము తగ్గితే హిమోగ్లోబిన్ తగ్గుతుంది, ఆక్సిజన్ చాలదు. పొయ్యిలో కట్టెలున్నాయి, గాలి ఆడటం లేదు. పొగే తప్ప మంట ఉండదు. కాబట్టి అలాంటి అమ్మాయికి ఇంకో గరిటె అన్నం వడ్డిస్తే పొయ్యిలో ఇంకో కట్టె పెట్టినట్టే, అంతకుమించి ఏమీ జరగదు.

భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మగవాడికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, ఆడమనిషికి 29. నెలసరిలో పోయే రక్తం వల్లే ఈ తేడా. ఇంట్లో అందరికంటే ఎక్కువ ఇనుము కావాల్సిన మనిషి దస్తర్‌ఖాన్ దగ్గర అందరికంటే చివర కూర్చుంటుంది. అబ్బాకు, పిల్లలకు, వచ్చినవాళ్లకు వడ్డించాక గిన్నెలో మిగిలేది మసాలా, రెండు ఆలు ముక్కలు. కలేజీ వండిన రోజు కూడా అంతే. మాంసం తినే ఇళ్లు కదా, మనకు రక్తహీనత ఎందుకొస్తుంది అనే ధీమా ఇక్కడే తప్పుతోంది. ఇంట్లో మాంసం వండటం వేరు, ఆ ఇంట్లోని ఆడపిల్ల ప్లేట్లోకి ముక్క రావడం వేరు. పైగా చాలా ఇళ్లలో వారానికి ఒకసారి అరకిలో బ్రాయిలర్ చికెన్ ఐదారుగురికి పంచాలి. చికెన్ ముక్కలో ఇనుము తక్కువ, మటన్‌లో కొంచెం మేలు, కలేజీలో చాలా ఎక్కువ. అయితే కలేజీలో విటమిన్ ఎ మరీ ఎక్కువ కాబట్టి నెల తప్పిన కొత్తలో దాన్ని రోజూ తినడం మంచిది కాదు, ఎప్పుడైనా కొద్దిగా చాలు.

మాంసంలోని ఇనుమును పేగు సులువుగా తీసుకుంటుంది. ఆకుకూర, పప్పు, రాగిలోని ఇనుము అంత సులువుగా లొంగదు, చాలాసార్లు పదో వంతు కూడా రక్తంలోకి చేరదు. ఆ కొంచెం ఎంత చేరుతుందనేది పక్కన ఏం తిన్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. నిమ్మకాయ పిండితే, ఓ జామకాయ తింటే విటమిన్ సి తోడై రెండు మూడు రెట్లు పెరగొచ్చు. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే సగానికి పైగా పడిపోవచ్చు. టీ ఆకులోని టానిన్లు ఇనుమును పట్టేస్తాయి, అందులోని పాల కాల్షియం కూడా అడ్డమే. చాయ్ మానమంటే మన ఇళ్లలో ఎవరూ వినరు, వినమని అడగడమూ దండగ. గంట, గంటన్నర ఆగి తాగితే చాలు.

ఒకప్పుడు ఈ ప్రాంతంలో వరి అన్నం పండగ తిండి. రోజూ సంగటే. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చాక తెల్లన్నం ప్రతి ఇంటికీ వచ్చింది. ఆకలి తీర్చిన పథకాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. కానీ సంగటితో పాటు ఇంట్లోంచి వెళ్లిపోయినవి కొన్ని ఉన్నాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పాలిష్ బియ్యంలో 10 కూడా లేదు. ఇనుము కూడా బియ్యం కంటే రాగిలో ఎన్నో రెట్లు మేలు. తిరుపతి దగ్గర పెరుమాళ్లపల్లె పరిశోధన కేంద్రం వకుళ, తిరుమల లాంటి రాగి రకాలను రైతులకు ఇచ్చింది. 2023 మార్చి నుంచి రాష్ట్రంలోని సర్కారు బడుల్లో పిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలైంది. కాబట్టి రాగి ఎక్కడికీ పోలేదు, మన వంటింట్లోకే రావాలి.

రాగిలోనూ ఒక మెలిక ఉంది. దాంట్లోని ఫైటేట్ అనే పదార్థం ఇనుమును, కాల్షియంను కొంత బిగించి ఉంచుతుంది. రాగులు నానబెట్టి మొలక కట్టి ఎండబెట్టి పిండి పట్టిస్తే ఆ బిగువు సడలుతుంది. రాత్రి కలిపి పెట్టి తెల్లారి కాస్త పులిశాక కాచే అంబలిలోనూ అంతే. దాదీలు, నానీలు సైన్సు చదవకుండానే ఈ పని చేశారు. సంగటి పక్కన అనపగింజల పులుసో, ఉలవలో, చింతచిగురు పప్పో, ఓ ముక్క మాంసమో ఉంటే ఆ ప్లేటుకు ఖరీదైన టానిక్కులతో పోటీ పడే సత్తా వస్తుంది.

బియ్యంలో ప్లాస్టిక్ గింజలు అనే పుకారు

2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటన తర్వాత రేషన్ దుకాణాలకు దశలవారీగా ఫోర్టిఫైడ్ బియ్యం వచ్చాయి. కిలో బియ్యంలో 10 గ్రాముల ప్రత్యేక గింజలు కలిపారు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలిపి మిషన్‌లో మళ్లీ గింజ ఆకారంలో తీసినవి అవి. రంగు కొంచెం తేడాగా ఉంటుంది, కడిగేటప్పుడు కొన్ని నీళ్ల మీద తేలతాయి. దీంతో ప్లాస్టిక్ బియ్యం అంటూ వాట్సాప్‌లో వీడియోలు తిరిగాయి. ఎందరో తల్లులు ఓపిగ్గా చేటలో ఒక్కో గింజా ఏరి పారేశారు. పిల్లల కోసం కలిపిన ఇనుమునే పిల్లల కోసమని ఏరి పారేయడం అన్నమాట! అవి ప్లాస్టిక్ కాదు, ఏరాల్సిన పని లేదు. తలసేమియా ఉన్నవాళ్లు మాత్రం ఈ బియ్యం విషయంలో డాక్టరును అడగాలి.

అనుమానం ఉంటే చేయించాల్సింది మామూలు రక్త పరీక్షే. గర్భం లేని ఆడవాళ్లలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే, గర్భిణుల్లో 11 కంటే తక్కువ ఉంటే రక్తహీనత కింద లెక్క. మాత్రలు సర్కారు ఉచితంగానే ఇస్తోంది. బడి పిల్లల్లో పెద్దవాళ్లకు వారానికి ఒక నీలం మాత్ర, గర్భిణులకు 180 రోజులు రోజుకో ఎర్ర మాత్ర. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో బడుల్లో, అంగన్వాడీల్లో పిల్లలకు ఇచ్చే పురుగుల మాత్ర కూడా ఇందులో భాగమే. కొంకి పురుగులు పేగు గోడకు కరుచుకుని రక్తం పీలుస్తాయి కాబట్టి అవి పోకుండా ఇనుము ఎంత ఇచ్చినా చిల్లుకుండలో నీళ్లే.

ఇంటికి తెచ్చుకున్న మాత్రలు సగం ఇళ్లలో అలమారాలోనే ఉండిపోతున్నాయి. వికారం అనిపించిందనో, దొడ్డికి నల్లగా వచ్చిందనో భయపడి మానేస్తారు. నల్లగా రావడం మామూలే, పేగు తీసుకోని ఇనుము అలా బయటికి పోతుంది. వికారం ఉంటే రాత్రి భోజనం తర్వాత వేసుకోవచ్చు, పాలతో, చాయ్‌తో మాత్రం కాదు, నిమ్మరసంతో అయితే మరీ మంచిది. కొన్ని వారాలకే ముఖంలో కళ వస్తుంది, ఇక చాలనుకుని ఆపేస్తారు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. పాత కణాల స్థానంలో కొత్తవి రావాలి, ఆ తర్వాత కాలేయంలో ఖాళీ అయిన ఇనుము నిల్వ నిండాలి. అందుకే హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా మరో రెండు మూడు నెలలు మాత్ర ఆపవద్దని డాక్టర్లు చెబుతారు. అన్ని నెలలు వాడినా పెరగకపోతే అది ఇనుము లోపం కాకపోవచ్చు. ముఖ్యంగా దగ్గరి సంబంధాలు చేసుకున్న కుటుంబాల్లో తలసేమియా పరీక్ష కూడా అడిగి చేయించుకోవాలి.